2147483647 ప్రధాన సంఖ్యేనా? గళ్ల నోటుబుక్కుతో మీరే తేల్చుకోవడం ఎలా

బెంగళూరులో కోడ్ రాసే తెలుగువాళ్లలో 2147483647 ని చూడనివాళ్లు తక్కువ. ప్లస్, మైనస్ గుర్తుకి ఒక బిట్ వదిలితే 32 బిట్లలో (0, 1 పట్టే గడుల్లో) పట్టే అతి పెద్ద ధన పూర్ణాంకం అదే. దానికి ఒకటి కలిపితే లెక్క తిరగబడి మైనస్‌లోకి పోతుంది. పాత సిస్టమ్‌లలో గడియారం 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ 2038 జనవరి 19 మంగళవారం, మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి ఈ సంఖ్య దగ్గరికి చేరుతుంది. ఇది ప్రధాన సంఖ్య అని కూడా చాలామంది వినే ఉంటారు. ఎలా తెలుసు అని అడిగితే మాత్రం గూగుల్‌లో చూశామంటారు, లేదంటే ఏదో యాప్‌లో కొడితే అవునని వచ్చిందంటారు.

ఇంకొకరు అవునంటే నమ్మడం వేరు, మనం తేల్చుకోవడం వేరు. రెండోదాని తృప్తి చేసి చూస్తేగానీ తెలియదు. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్లు ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే చాలు. మారతహళ్లి వైపు మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు తెలుగు పిల్లలు కొందరు నా దగ్గరికి లెక్కలకి వస్తారు. వాళ్లతో నేను చేయించే వరసనే ఇక్కడ రాస్తున్నాను.

మొదటే ఒక్క మాట మనసులో పెట్టుకోండి. పెద్ద సంఖ్య గుట్టు దాని అంకెల్లో దొరకదు. దాని ఇరుగుపొరుగుని అడగాలి. అంటే ఒకటి తక్కువ సంఖ్య, ఒకటి ఎక్కువ సంఖ్య. కింద చేసేదంతా ఆ ఇద్దరితో మాట్లాడించడమే.

ముందుగా సర్దుకోవాల్సినవి

గళ్ల నోటుబుక్కు ఒకటి, పెన్ను, ఫోన్‌లో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. పైథాన్ ఎందుకంటే అందులో పూర్ణాంకం ఎంత పెద్దదైనా ఒక్క అంకె కూడా పోదు. మామూలు కాలిక్యులేటర్‌తో, ఎక్సెల్‌తో ఇక్కడ ప్రమాదం ఉంది. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత సున్నాలు పెట్టేస్తుంది. మనకి 19 అంకెల సంఖ్యలు వస్తాయి. కుందలహళ్లి పీజీలో ఉండే ఒక కుర్రాడు "అన్నా, శేషం ఎప్పుడూ తేడాగానే వస్తోంది" అని షీట్ పంపాడు. తెరిచి చూస్తే ప్రతి వర్గం చివరా నాలుగు సున్నాలు. అతని లెక్కలో తప్పేమీ లేదు, పనిముట్టు తేడా. శేషాలతో చేసే పనిలో చివరి అంకె పోతే మొత్తం పోయినట్టే. ఫోన్ కాలిక్యులేటర్ జవాబు మధ్యలో ఇంగ్లిష్ ‘E’ అక్షరం చూపించినా అదే గొడవ అని గుర్తుపట్టండి.

మొదటి మెట్టు: సంఖ్య ఎలా పుట్టిందో చూడండి

రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. నోటుబుక్కులో ఇలా అక్షరాల్లో ఒకసారి రాయించడం నాకు ఇష్టం, ఆ సైజు అప్పుడే చేతికి తెలుస్తుంది. ఇప్పుడు దాని పక్కనే 2³¹ − 1 అని రాయండి. 2ని 31 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే.

ఇలా 2 ఘాతంలోంచి ఒకటి తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. ఘాతం సంయుక్త సంఖ్య అయితే ఆశ వదులుకోవచ్చు. ఉదాహరణకి 2¹⁵ − 1ని 2³ − 1, 2⁵ − 1 రెండూ భాగిస్తాయి. కాబట్టి ఘాతం ప్రధాన సంఖ్య అయి తీరాలి. 31 ప్రధాన సంఖ్యే. కానీ అంతమాత్రాన సరిపోదు. 11 కూడా ప్రధాన సంఖ్యే, అయినా 2¹¹ − 1 అంటే 2047, అది 23 × 89. ఈ 2047ని ఒక పక్కన రాసి పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఫ్రాన్స్‌లో మెరాఁ మెర్సెన్ అనే సన్యాసి 1644లో ఏ ఘాతాలకి ప్రధాన సంఖ్యలు వస్తాయో ఒక జాబితా ఇచ్చాడు. 31 అందులో ఉంది, అది నిజమే. 67 కూడా ఉంది, అది తప్పు. 61 ఉండాలి, లేదు. పేరున్నవాళ్ల జాబితాని కూడా ఎందుకు సొంతంగా సరిచూసుకోవాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రెండో మెట్టు: భాగహారం, కానీ తెలివిగా

ఒక సంఖ్యకి కారణాంకం ఉంటే, దాని వర్గమూలం లోపలే కనీసం ఒకటి దొరకాలి. మన సంఖ్య వర్గమూలం 46340 దాటి కొంచెం. కాబట్టి 46340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే తేలిపోతుంది. అవి 4792 ఉన్నాయి. కంప్యూటర్‌కి రెప్పపాటు పని, మనిషికి నెలల పని.

1772లో ఆయిలర్ అనే గణితవేత్త ఈ సంఖ్య ప్రధానమని కంప్యూటర్ లేకుండా తేల్చాడు. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. ఆయన చేసిన ఉపాయం మీరూ చేయవచ్చు. ఈ గైడ్ మొత్తంలో నాకు బాగా నచ్చే భాగం ఇదే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

‘క’ అనే ప్రధాన సంఖ్య 2³¹ − 1ని నిశ్శేషంగా భాగిస్తుందని అనుకుందాం. అంటే 2³¹ని ‘క’తో భాగిస్తే 1 మిగలాలి. 2, 4, 8, 16 అంటూ 2 ఘాతాల్ని ‘క’తో భాగిస్తూ పోతే శేషాలు ఒక వరసలో తిరుగుతాయి. శేషం మొట్టమొదట 1 అయిన చోటుని ఆ వరస పొడవు అంటాం. 31వ చోట 1 వచ్చిందంటే ఆ పొడవు 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య కాబట్టి పొడవు 31 తప్ప ఇంకేదీ కాలేదు. మరోవైపు ఫెర్మా సూత్రం ప్రకారం ‘క’ కంటే ఒకటి తక్కువ చోట కూడా శేషం 1 రావాలి. కాబట్టి ‘క’లోంచి ఒకటి తీసేస్తే మిగిలేదాన్ని 31 భాగిస్తుంది. ‘క’ బేసి సంఖ్య కాబట్టి ఆ మిగిలేది సరి సంఖ్య. రెండూ కలిపి చూస్తే ‘క’ తప్పకుండా 62 గుణిజానికి ఒకటి ఎక్కువ. చూశారా, ‘క’ గురించి మాట చెప్పింది కూడా దాని ఎడమ పక్క సంఖ్యే.

ఇంకో వడపోత ఉంది. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. 2³² అంటే 2¹⁶ వర్గం. అంటే ‘క’తో శేషాలు తీసేటప్పుడు 2 ఒక వర్గం అవుతోంది. అలా కావాలంటే ‘క’ని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. ఇది సంఖ్యాశాస్త్రంలో పేరున్న సిద్ధాంతం. నిరూపణ కావాలంటే ఎవెన్యూ రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో నంబర్ థియరీ పుస్తకం ఏది దొరికినా అందులో ఉంటుంది.

రెండు షరతులూ కలిపితే ‘క’ 248 గుణిజానికి 1 ఎక్కువైనా కావాలి, 63 ఎక్కువైనా కావాలి. మూడో దారి లేదు. 46340 లోపల అలాంటివి 373. మొదటిది 63, అది ఎలాగూ ప్రధానం కాదు. మిగిలినవి 372. వాటిలోనూ సంయుక్త సంఖ్యలు తీసేస్తే 84 ప్రధాన సంఖ్యలే మిగులుతాయి. 4792 భాగహారాలు 84కి దిగాయి.

నోటుబుక్కులో రెండు నిలువు వరసలు గీయండి. ఒకదాంట్లో 249, 497, 745, 993, 1241, 1489… ఇంకోదాంట్లో 63, 311, 559, 807, 1055, 1303… ఒక్కోదానికి 248 కలుపుకుంటూ పోవడమే. మొదటి వరసలో 249 మూడుతో పోతుంది, 497 ఏడుతో పోతుంది, 745 ఐదుతో, 993 మూడుతో, 1241 అంటే 17 × 73. మొదట నిలిచేది 1489. రెండో వరసలో 311 ప్రధానం, 559 అంటే 13 × 43, 807 మూడుతో పోతుంది, 1055 ఐదుతో, ఆ తర్వాత 1303 ప్రధానం.

ఇక భాగించండి. 311తో భాగిస్తే భాగఫలం 6905092, శేషం 35. 1303తో భాగిస్తే భాగఫలం 1648107, శేషం 226. 1489తో భాగిస్తే శేషం 199. ఇలాగే మిగతా 81. నలుగురు పిల్లలుంటే తలా ఇరవై పంచితే ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఒక్క శేషం కూడా సున్నా రాదు. అక్కడితో నిరూపణ పూర్తి, 2147483647 ప్రధాన సంఖ్య. ఆయిలర్ తర్వాత దశాబ్దాలపాటు మనుషులకి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే.

మూడో మెట్టు: త్వరగా అనుమానం తీర్చుకునే పరీక్ష

భాగహారాలు లేకుండా ముందు ఒక అంచనాకి రావాలంటే ఫెర్మా పరీక్ష ఉంది. సంఖ్య ప్రధానమైతే, దాంతో భాగం కాని ఏ అంకెనైనా, ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి హెచ్చించి శేషం తీస్తే 1 రావాలి. రాకపోతే అది ప్రధానం కానే కాదు. పైథాన్‌లో ఘాతం లెక్కకట్టే pow ఫంక్షన్‌కి మూడో విలువగా మన సంఖ్యని కూడా ఇస్తే అది ఎక్కడికక్కడ శేషం తీసుకుంటూ క్షణంలో జవాబిస్తుంది. 3 తీసుకోండి, ఘాతం 2147483646, భాజకం 2147483647. జవాబు 1.

ఇక్కడ తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మంచి ప్రశ్న వేసింది. "అంకుల్, 3 ఎందుకు, 2 తీసుకుంటే ఇంకా ఈజీ కదా?"

"2047తో చేసి చూడమ్మా" అన్నాను.

2ని 2046 ఘాతానికి హెచ్చించి 2047తో భాగించింది. శేషం 1. కానీ 2047 ప్రధానం కాదు, 23 × 89 అని మనకి ముందే తెలుసు. ఆ పిల్ల ఫోన్ వంక, నోటుబుక్కు వంక మార్చి మార్చి చూసింది. కారణం పైన చెప్పిన వరసలోనే ఉంది. 2047కి 2 వరస పొడవు 11, 2046ని 11 భాగిస్తుంది, కాబట్టి 1 వచ్చి తీరుతుంది. ఘాతం ప్రధాన సంఖ్య అయిన ప్రతి మెర్సెన్ సంఖ్యా, అది ప్రధానమైనా కాకపోయినా, 2తో చేసే ఈ పరీక్షలో పాసవుతుంది. అందుకే ఈ జాతి సంఖ్యలకి 2 పనికిరాదు, 3 వాడండి. 2047కి 3తో చేస్తే 1 రాదు, దొంగ దొరికిపోతాడు.

3తో పాసైనా అది ఇంకా బలమైన అనుమానమే, నిరూపణ కాదు. దీన్నే కాస్త బిగిస్తే వచ్చే మిల్లర్–రాబిన్ పరీక్షని 2, 3, 5, 7 నాలుగింటితో చేస్తే, 3215031751 కంటే చిన్న సంఖ్యలకి అది నిరూపణతో సమానం. మనది ఆ హద్దు లోపలే ఉంది. కోడ్‌లో వాడుకోవడానికి అది చాలు. కానీ మనకి కావలసింది సంఖ్యని తెలుసుకోవడం, అందుకే ముందుకెళ్దాం.

నాలుగో మెట్టు: ఎడమ పక్క సంఖ్యని అడగండి

2147483646ని కారణాంకాలుగా విడగొట్టాలి. భయపడకండి, ఇది చేత్తోనే అవుతుంది. అది 2 × (2³⁰ − 1). వర్గాల తేడా సూత్రం గుర్తుందిగా? 2³⁰ − 1 = (2¹⁵ − 1)(2¹⁵ + 1), అంటే 32767 × 32769. 32767ని 7తో, 31తో భాగిస్తే 151 మిగులుతుంది. 32769ని 9తో, 11తో భాగిస్తే 331 మిగులుతుంది. కాబట్టి

2147483646 = 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331

ఇంత పెద్ద సంఖ్య ఇంత చిన్న ముక్కలుగా విడిపోవడం అరుదు. ఈ ముక్కలే ఇప్పుడు మన చేతిలో ఆయుధాలు.

7 తీసుకోండి. 7ని 2147483646 ఘాతానికి హెచ్చించి మన సంఖ్యతో శేషం తీయండి, 1 వస్తుంది. తర్వాత 2147483646ని వరసగా 2తో, 3తో, 7తో, 11తో, 31తో, 151తో, 331తో విడివిడిగా భాగించి, వచ్చిన ఆ ఏడు ఘాతాలకీ 7ని హెచ్చించి శేషాలు తీయండి. ఏ ఒక్కదాంట్లోనూ 1 రాకూడదు. 2తో భాగించిన ఘాతానికి శేషం 2147483646 వస్తుంది, అంటే మైనస్ 1తో సమానం. మిగతా ఆరూ మీరే చూసి పట్టిక వేసుకోండి.

ఇది ఎందుకు నిరూపణ? ఏడింటిలో ఎక్కడా 1 రాలేదంటే 7 వరస పొడవు 2147483646కి ఒక్కటి కూడా తగ్గదు. శేషాల వరస అంత పొడవు తిరగాలంటే 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కోసారి వచ్చి తీరాలి. మన సంఖ్యకి కారణాంకం ఒక్కటున్నా ఆ కారణాంకం, దాని గుణిజాలు ఆ వరసలోకి రాలేవు. కాబట్టి కారణాంకం లేదు. రెండు వాక్యాల్లో అయిపోయే ఈ నిరూపణ ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

అన్ని శేషాల్నీ తిరిగి వచ్చే 7లాంటి దాన్ని ఆదిమ మూలం అంటారు. 7 కంటే చిన్నవేవీ ఈ సంఖ్యకి ఆదిమ మూలాలు కావు. 2 అయితే 31 అడుగులకే మొదటికొచ్చేస్తుంది. దీనికి గట్టి ఉపయోగమే ఉంది. 7⁵ అంటే 16807. 2147483646ని 5 భాగించదు, అందువల్ల 16807 కూడా ఆదిమ మూలమే. ఏదో ఒక సంఖ్యతో మొదలుపెట్టి ప్రతిసారీ 16807తో గుణించి, 2147483647తో శేషం తీస్తూ పోతే, రెండు వందల కోట్లకు పైగా సంఖ్యలు మళ్లీ రాకుండా చిందరవందరగా వస్తాయి. 1988లో పార్క్, మిల్లర్ అనే ఇద్దరు దీన్ని రాండమ్ సంఖ్యలకి కనీస ప్రమాణంగా పెట్టుకోమని సూచించారు. చాలా ప్రోగ్రామింగ్ లైబ్రరీల్లో ఇది కనిపిస్తుంది. మీ ఆఫీసు కోడ్‌లో 16807 ఎక్కడైనా తగిలితే అక్కడ ఉన్నది 7 ఐదో ఘాతమని ఇక గుర్తుపడతారు. పాస్‌వర్డ్‌లకీ తాళాలకీ మాత్రం దీన్ని వాడకండి, ఒక్క విలువ తెలిస్తే తర్వాతవన్నీ చెప్పేయవచ్చు.

ఐదో మెట్టు: కుడి పక్క సంఖ్యని అడగండి

కుడి పక్కన ఉన్నది 2147483648, అంటే 2³¹. మొత్తం రెండులే. ఇంత సాదా పొరుగు దొరకడం మెర్సెన్ సంఖ్యల అదృష్టం. దీన్ని వాడుకుని లూకా అనే గణితవేత్త 1870లలో ఒక పరీక్ష కట్టాడు, 1930లో లేమర్ అనే ఇంకొకాయన దానికి మెరుగు పెట్టాడు. నియమం ఒక్క వాక్యం. 4తో మొదలుపెట్టండి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి శేషం తీయండి, ఘాతం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు.

ముందు చిన్నదాని మీద చేయి తిప్పుకోండి. 2⁷ − 1 = 127కి ఐదు సార్లు చేయాలి. 4, 14, తర్వాత 194 కాబట్టి శేషం 67, తర్వాత 42, 111, 0. సున్నా వచ్చింది, ప్రధానం. 2047కి తొమ్మిది సార్లు చేయాలి: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. సున్నా రాలేదు, పోయింది.

ఇప్పుడు మనదానికి 29 సార్లు. 4, 14, 194, 37634, 1416317954 దాకా శేషం తీసే అవసరమే రాదు. ఆ తర్వాతి అడుగు పూర్తిగా చూపిస్తాను, ఇందులో భాగహారాన్ని తప్పించే చిట్కా ఉంది.

1416317954 వర్గం 2005956546822746116. రెండు తీస్తే చివర 114. దీన్ని 2147483647తో భాగించకండి, పక్కనున్న 2147483648తో భాగించండి. భాగఫలం 934096307, శేషం 1883058178. ఈ రెండూ కలపండి: 2817154485. ఇది మన సంఖ్య కంటే ఎక్కువ కాబట్టి ఒకసారి 2147483647 తీసేయండి. 669670838. ఇదే ఐదో అడుగు జవాబు. 2³¹కి శేషం 1 కాబట్టి భాగఫలాన్ని శేషానికి కలిపేస్తే సరిపోతుంది. కంప్యూటర్‌కైతే 2³¹తో భాగించడమంటే బిట్లని 31 స్థానాలు జరపడమే, భాగహారమే ఉండదు.

తర్వాత 1937259419, 425413602, 842014276, 12692426 అంటూ పోతుంది. ఈ మధ్య అంకెల్లో ఏ తీరూ కనిపించదు. ఎక్కడో దారి తప్పామేమోనని టెన్షన్ వస్తుంది, తప్పలేదు, ఆపకండి. 27వ అడుగులో 1181536708. 28వ అడుగులో ఉన్నట్టుండి 65536. అది 2¹⁶ అని గుర్తుపడితే ఇక అయిపోయినట్టే. దాని వర్గం 2³², రెండు తీస్తే 2³² − 2, అంటే సరిగ్గా మన సంఖ్యకి రెట్టింపు. శేషం సున్నా.

పిల్లల చేత ఈ 28వ అడుగు మాత్రం ఫోన్ పక్కన పెట్టించి చేత్తోనే చేయించండి. పది అంకెల గందరగోళంలోంచి 65536 బయటపడ్డప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

ఇప్పుడు ఆ సంఖ్యతో పరిచయం పెంచుకోండి

ప్రధానమని తేలాక దాని గుణాలు చాలావరకు ఊరికే రాలిపడతాయి. 4తో భాగిస్తే 3 మిగులుతుంది, కాబట్టి దీన్ని రెండు వర్గాల మొత్తంగా ఎవరూ రాయలేరు, ఎంత వెతికినా వృథా. 3తో భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి ఒక వర్గం, ఇంకో వర్గానికి మూడు రెట్లు, ఈ రెండింటి మొత్తంగా తప్పకుండా రాయవచ్చు. ఆ జత కోసం పైథాన్‌లో ఒక చిన్న లూప్ రాయడం పిల్లలకి మంచి హోమ్‌వర్క్.

కవల ప్రధానం కాదు, అంటే సరిగ్గా రెండు తేడాతో ఇంకో ప్రధాన సంఖ్య దీనికి జతగా లేదు. రెండు తక్కువ సంఖ్య చివరి అంకె 5, కాబట్టి అది 5తో పోతుంది, రెండు ఎక్కువ సంఖ్య 3తో పోతుంది. దీనికి ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తర్వాతది 2147483659. ప్రధాన సంఖ్యల్ని 2 నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఇది 105097565వది.

2³⁰తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. అది పరిపూర్ణ సంఖ్య, అంటే తనని వదిలేసి మిగతా భాజకాలన్నీ కలిపితే మళ్లీ తనే వస్తుంది. 6, 28 మొదలుకొని వచ్చే పరిపూర్ణ సంఖ్యల్లో ఇది ఎనిమిదోది. 1811లో ఇంగ్లండులో పీటర్ బార్లో ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యని మనుషులు ఎన్నటికీ కనుక్కోరని, వీటివల్ల ఉపయోగం లేదు కాబట్టి ఎవరూ ప్రయత్నించరని రాశాడు. ఆయన ఆ మాట అన్నాక కూడా జనం ఆగలేదు.

ఇంకా పెద్దవాటికి వెళ్లాలంటే

ఇప్పటిదాకా తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య 2024 అక్టోబరులో దొరికిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. కనుక్కున్నది లూక్ డ్యురంట్. దానికి ఎన్ని అంకెలో మీరే చెప్పవచ్చు: ఘాతాన్ని 0.30103తో గుణిస్తే దాదాపు జవాబు వస్తుంది. సరిగ్గా లెక్కేస్తే 4,10,24,320 అంకెలు. చివరి అంకె కూడా చేత్తోనే చెప్పవచ్చు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరుగుతాయి. ఘాతాన్ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి 2, అందులో ఒకటి తీస్తే 1. నాలుగు కోట్ల అంకెల సంఖ్య చివరి అంకె మీ నోటుబుక్కులో ఒక్క లైనులో తేలింది.

దాన్ని తేల్చిన పద్ధతి కూడా మీకు ఇప్పుడు కొత్తది కాదు. ముందు 3తో ఫెర్మా తరహా పరీక్ష పెట్టారు, 2తో ఎందుకు పెట్టలేదో మీకు తెలుసు. అది పాసయ్యాక లూకా–లేమర్ పరీక్ష, అదే 4, 14, 194 వరస. తేడా అల్లా మనం 29 సార్లు చేసినదాన్ని అక్కడ 13 కోట్లకు పైగా సార్లు చేశారు, అంతే.

అయితే అన్ని సంఖ్యలకీ ఇలాంటి పొరుగు దొరకదు. ఎటు పక్క సంఖ్యా విడగొట్టడానికి లొంగనివి కోకొల్లలు. అలాంటి వాటికి కూడా అదృష్టంతో, అనుమానంతో పని లేకుండా, అంకెలు పెరిగినా లెక్క మరీ చేయి దాటిపోకుండా తేల్చే పద్ధతి ఉందా అన్నది చాలాకాలం తేలని ప్రశ్న. 2002లో ఐఐటీ కాన్పూరులో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఉందని నిరూపించారు. కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ పూర్తిచేసిన కుర్రాళ్లు. కయాల్ తర్వాత మన బెంగళూరులోనే మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో చేరారు. మా పిల్లలకి ఈ సంగతి చెప్పినప్పుడు ఏ ఏరియాలో అంకుల్ అనే అడిగారు మొదట. ఆ ప్రశ్న నాకు చాలా సంతోషం కలిగించింది. గణితం చేసే మనిషి తమ ఊళ్లో, తమలాగే ట్రాఫిక్‌లో తిరుగుతూ ఉంటాడని తెలియడం పిల్లలకి అవసరం.

ఇక మీ వంతు. 2⁶¹ − 1 తీసుకోండి: 2305843009213693951. మెర్సెన్ జాబితాలో లేదు, 1883లో రష్యాలో పెర్వుషిన్ ఇది ప్రధానమని తేల్చాడు. 59 అడుగులు, చివర సున్నా రావాలి. అది వచ్చాక 2⁶⁷ − 1 మీద అదే పరీక్ష 65 అడుగులు చేయండి. సున్నా రాదు. ఎందుకు రాలేదో చూడాలంటే 193707721ని 761838257287తో చేత్తో గుణించండి. 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఈ రెండు కారణాంకాలనీ బయటపెట్టాడు. గుణకారం నోటుబుక్కులో ఒక పేజీ పడుతుంది, గళ్లు దాటకుండా రాసుకోండి.